నాన్న పడవలో ముందు మేమే

మా మనవడు ఈ మధ్య తెరచాప బిగించిన పలక మీద నిలబడి నీళ్ళలో గాలివాటున తిరిగే ఆట నేర్చుకుంటున్నాడు. కిందటి ఆదివారం ఆ విండ్ సర్ఫింగ్ బోర్డును మా వరండాలో పడుకోబెట్టి, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వేలి కణుపులతో కొడుతూ చెవి ఆనించి వింటున్నాడు. పైపొర ఎక్కడైనా లోపలి నురుగును వదిలేస్తే చప్పుడు బోలుగా వస్తుందట. నాకు నవ్వొచ్చింది. మా నాన్న టేకు చెక్కను సరిగ్గా అట్లాగే తట్టి చూసేవాడు.

మాది పర్ణశాల పక్కన గోదావరి ఒడ్డు. మా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో అవతలికి పోవాలంటే పడవే దిక్కు, ఆ చుట్టుపక్కల పడవలు చాలావరకు నాన్న చేతివేనని చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. నీడన బాగా ఆరని చెక్కను ఆయన ముట్టేవాడు కాదు. అడవి పల్లెలవాళ్ళు సంతకు తెచ్చే గుగ్గిలాన్ని నూనెలో కాచి, దూదికి పట్టించి, నీరు దూరకుండా చెక్కల సందుల్లో కూరుతుంటే, అన్నానికి కూడా అదే వాసన పట్టిందని నాయనమ్మ సణిగేది. చేసినవాడు తన ఆలుబిడ్డలను ఎక్కించుకుని ఏరు దాటి వస్తే తప్ప కొనేవాడు పడవను ముట్టకూడదు, అది మా ఒడ్డున ఆనవాయితీ.

ఒక ఏడు దుమ్ముగూడెం ఆసామి పడవ కోసం వచ్చిన రోజే గోదావరికి వరద పోటెత్తి ఎర్రనీళ్ళు వచ్చాయి. మా చెల్లెలు ఇంకా పాలు తాగే పిల్ల. పసిబిడ్డ తల్లిని పంపేది లేదని నాయనమ్మ గడపకు అడ్డంగా కూర్చుంది. నాన్న తానొక్కడే పోయివస్తానన్నాడు గానీ, ఒడ్డున జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒంటరిగా పోతే ఇక ఆయన పడవను ఎవరూ నమ్మరని అక్కడ అందరికీ తెలుసు. అంతలో అమ్మ చెల్లెల్ని కొంగుతో ఒంటికి కట్టుకుని, నాయనమ్మను దాటుకుని, నా చెయ్యి పట్టుకుని రేవులోకి వచ్చింది.

"నువ్వు జేసిన పడవ నేనే ఎక్కకుంటే ఇంకెవరెక్కుతరు? జరుగు" అంది.

నడి ఏట్లో కొట్టుకొచ్చిన మాను ఒకటి పడవ పక్కకు గట్టిగా తగిలింది. పడవ ఒరిగింది, చెల్లెలు ఏడుపు లంకించుకుంది, నేను భయంతో అడుగు చెక్కలు తడిమాను. చుక్క నీరు లేదు. నాన్న తెడ్డు వేయడం ఆపలేదు, మా వంక చూడనూ లేదు, అమ్మ మాత్రం ఆయన్నే చూస్తూ కూర్చుంది. తిరిగి ఒడ్డు చేరాక ఆసామి వంగి అడుగంతా తడిమి చూసుకుని, పడవను తోలుకుపోయాడు. నాయనమ్మ మాత్రం చాన్నాళ్ళు నాన్నతో మాట్లాడలేదు.

ఇప్పుడు ఏ వస్తువు కొన్నా గ్యారంటీ కాగితం చేతిలో పెడుతున్నారు. మంచిదే, నేను కాదనను. కానీ చేసినవాడెవరో కొన్నవాడికి తెలియదు, అందులో ఎవరు ఎక్కుతారో చేసినవాడికి తెలియదు. నాన్న పడవకు కాగితం ఉండేది కాదు. మేం ఉండేవాళ్ళం.