లుబ్వామాకు నచ్చిన మూడో పాట

మొదటిసారి వినగానే నచ్చిన పాటను లుబ్వామా నమ్మడు. మొదటి పేజీలోనే చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళే నవలనూ నమ్మడు. "అంత మర్యాద చేస్తోందంటే లోపల ఏదో దాస్తోందన్నమాట" అంటాడు. కంపాలాలో, వాండెగేయా కూడలికి రెండు సందుల అవతల అతనికి కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. వచ్చినవాళ్ళు కింది వరుస అక్షరాలు గబగబా చదివేస్తే ముందే కంఠస్థం చేసి వచ్చారేమోనని పట్టిక తిరగేసి మళ్ళీ చదివిస్తాడు.

ఆ సందులోనే నకిముళి అనే ఆవిడ పుస్తకాల కొట్టు. కొట్టు వెనక గదిలో నెలనెలా మొదటి శనివారం మధ్యాహ్నం మూడింటికి పదకొండు మంది చేరతారు. గోడకు ఒక నల్లబల్ల. దాని మీద ఆ ఏడాది రాబోయే ఆల్బాల పేర్లు, నవలల పేర్లు. మామూలు దుకాణంలో అడిగితే విచిత్రంగా చూసే సరుకు అంతా అక్కడుంటుంది: డబ్బా రేకుల మీద వాన పడే చప్పుడుతో చేసిన సంగీతం, ఆరువందల పేజీలు ఒక్క ఫుల్‌స్టాప్ లేకుండా నడిచే నవల, కుట్టు లేని కాగితాలుగా పెట్టెలో వచ్చి ఏ కాగితం ముందు చదవాలో మనకే వదిలేసే నవల. ఆ పేర్లు రాసే సుద్దముక్క ఎనిమిదేళ్ళుగా లుబ్వామా చొక్కా జేబులోనే ఉంది. జనవరి నుంచి డిసెంబరు దాకా అతను బతికేది ఆ బల్ల మీద ఉన్న వాటికోసమే అని అతని భార్య అందరికీ చెబుతుంది. అతను కాదనడు.

సుద్ద ఉన్నవాడికి పూచీ కూడా ఉంటుంది. వచ్చినదాన్ని అతనే ముందు ఇంటికి తీసుకెళ్ళి వింటాడు. తరువాత గదిలో అందరూ విన్నాక మొదటి మాట అతనిదే. అతను టీ కప్పు ఎత్తేదాకా మిగతావాళ్ళు దగ్గు వచ్చినా ఆపుకుంటారు. మొదటి మాట రెండుసార్లు తప్పితే సుద్ద చేతులు మారుతుంది. ఒకసారి అప్పటికే తప్పింది. రెండేళ్ళ కిందట వచ్చిన ఒక టేపులో ఇరవై రెండు నిమిషాలు ఒకటే, ఫ్రిజ్‌లా గుంయ్‌మనే మోత. లుబ్వామా కళ్ళు మూసుకుని విని, ఇంత ధైర్యం ఎవరికుందని అరగంట మాట్లాడాడు. వారం తరువాత సరైన టేపు వచ్చింది. మొదటిది నకలు తీసే మిషన్ చెడిపోయి వచ్చిన మోత.

అప్పటినుంచి సలోంగో కిబిరిగే అతన్ని వదల్లేదు. కవలల తండ్రి కనుక కిబిరిగేను అందరూ సలోంగో అంటారు. రిటైరైన చర్చి ఆర్గన్ వాద్యకారుడు, నోరు ఊరుకోని మనిషి. దారిలో ఫ్రిజ్ కనబడితే చాలు, "లుబ్వామా, నీ అభిమాన కళాకారుడు ఇక్కడున్నాడయ్యా, సంతకం తీసుకో" అనేవాడు.

ఆ ఏప్రిల్‌లో ఉత్తరాన ఉన్న గులూ పట్టణం నుంచి అదోంగ్ అనే సంగీతకారిణి సీడీ వచ్చింది. ఆమె తొమ్మిదేళ్ళు ఏమీ చేయలేదు. ఆమె పేరు నాలుగేళ్ళుగా బల్ల మీద మొదటి వరుసలో ఉంది. ప్రతి జనవరిలో పాతది తుడిచి మళ్ళీ రాసేవాడు లుబ్వామా. ఆమె తన పనిని ముందు ఈ గదికే పంపుతుంది. ఇక్కడి మొదటి మాట విన్నాకే కాపీలు వేయిస్తుంది.

పార్సెల్ ఇంటికి తెచ్చుకుని విప్పబోయి లుబ్వామా ఆగాడు. బస్సు వాళ్ళ ముద్ర మీద సోమవారం తేదీ ఉంది. చుట్టిన వార్తాపత్రిక మంగళవారానిది. సోమవారం బయలుదేరిన పార్సెల్ మంగళవారం పేపరు ఎలా కట్టుకుంది?

విన్నాడు. మొదటి రెండూ అదోంగ్‌వే, సందేహం లేదు. పిండి నూరే రాళ్ళ గరగర, బిందెలో నీళ్ళు, నాలుగు నిమిషాల మౌనం. మూడోదానిలో ఒక రాగం వచ్చింది. చిన్నది, మెత్తనిది. ఒక ఆడగొంతు మాటల్లేకుండా కూనిరాగం తీస్తోంది. వెనక రాయి మీద రాయి నెమ్మదిగా కదులుతోంది. అతనికి నచ్చింది. రెండోసారి వింటే ఇంకా నచ్చింది. అప్పుడు అతనికి భయం వేసింది.

అదోంగ్ ఇలా చేయదు. ఎవరో మధ్యలో దూర్చారు. ఎవరు? పార్సెల్ తీసుకున్నది నకిముళి. పెళ్ళిళ్ళలో కీబోర్డు వాయించే మేనల్లుడున్నది కిబిరిగేకి. ఇద్దరూ కలిసి ఒక తియ్యని పాట పెట్టి, తను దాన్ని పొగిడితే, ఇక ఫ్రిజ్ జోకుతో ఆగదు. సుద్ద పోతుంది.

మర్నాడు కొట్టుకు వెళ్ళి పుస్తకం వెతుకుతున్నట్టు నటిస్తూ అడిగాడు. "పార్సెల్ నువ్వే తెచ్చావా నకిముళీ?"

"లేదయ్యా, బస్సే సందులోకి నడిచొచ్చి ఇచ్చిపోయింది."

"విప్పావా?"

ఆమె చేతిలోని పత్రికలను సర్దడం మొదలుపెట్టింది. "మొదటి శనివారం వినిపిస్తావుగా. అప్పుడు మాట్లాడుకుందాం."

విప్పలేదని ఆమె అనలేదు. ఆ అనని మాటను అతను రెండు వారాలు మోశాడు. అదోంగ్‌కు ఫోన్ చేస్తే నిమిషంలో తేలిపోయేది. కానీ వినిపించకముందు కళాకారుల్ని అడగకూడదు. పైగా అడగడమంటే తన చెవి మీద తనకే నమ్మకం లేదని ఒప్పుకోవడం. ఒక ఆదివారం కికోనిలో కిబిరిగే మేనల్లుడు వాయిస్తున్న పెళ్ళి పందిరి బయట గంటన్నర నిలబడ్డాడు. ఆ వాయించే తీరు మూడో పాట రాగంలా ఉందా అని విన్నాడు. ఉన్నట్టే ఉంది, లేనట్టూ ఉంది. పందిట్లోంచి ఎవరో వచ్చి, "పెద్దాయనా, ఆడపెళ్ళివారా, మగపెళ్ళివారా?" అని అడిగి చేతిలో పలావు పళ్ళెం పెట్టారు. తినేసి వచ్చాడు. దుకాణంలో అద్దాలు తుడుస్తూ తను ఆ రాగమే తీస్తున్నట్టు గమనించి రేడియో పెట్టుకున్నాడు.

ఆ శనివారం గది నిండింది. అల్లం టీ, వేయించిన వేరుశనగలు. సీడీ మొదలైంది. మూడోది వచ్చినప్పుడు లుబ్వామా సీడీ వినలేదు, మొహాలు చూశాడు. నకిముళి తల వంచుకుంది. ఎప్పుడూ ఏదో ఒకటి అంటూ ఉండే కిబిరిగే కళ్ళార్పకుండా కూర్చున్నాడు. నవ్వు ఆపుకుంటున్నాడనుకున్నాడు లుబ్వామా. అంతా అయ్యాక కప్పు ఎత్తాడు.

"మూడోది అదోంగ్‌ది కాదు. ఎవరో పెట్టారు. ఎవరో వాళ్ళకు తెలుసు. పార్సెల్ విప్పి మళ్ళీ కట్టారు, పేపరు తేదీ నా దగ్గరుంది. ఈ గదిలో నన్ను మళ్ళీ ఫ్రిజ్ అభిమానిని చేద్దామనుకుంటే..."

"ఆగు" అంది నకిముళి. లేచి గల్లాపెట్టె సొరుగులోంచి మడిచిన కాగితం తీసింది. "విప్పింది నేనే. బస్సు దిగేసరికి వాన. అట్టపెట్టె నానిపోయింది. తుడిచి కొత్త పేపరు చుట్టాను. లోపల ఉత్తరం ఉంటే తీసి దాచాను. విన్నాకే చదవాలని రూలు పెట్టిందెవరు? నువ్వు కాదూ? పన్నెండేళ్ళ స్నేహం లుబ్వామా. నన్ను దొంగను చేశావా?"

ఉత్తరం అదోంగ్‌ది. ఆ ఒరిగిన అక్షరాలు లుబ్వామా ఆమె పాత సీడీల అట్టల మీద వందసార్లు చూసినవే. నకిముళి చదివింది. మూడోది మా మేనత్త జొన్నలు నూరుతూ తీసే రాగం, తొమ్మిదేళ్ళుగా దాన్ని విరిచి ఎవరూ గుర్తుపట్టకుండా చేయాలని చూశాను, చేతకాలేదు, ఉన్నట్టే ఉంచాను. మీకు నచ్చకపోతే తీసేస్తాను, మీరు విన్నాక వచ్చే సోమవారం కాపీలకిస్తున్నాను.

నకిముళి కాగితం మళ్ళీ మడిచింది. తరువాత కిబిరిగే చెయ్యి చాచాడు. "సుద్ద."

లుబ్వామా జేబులోంచి తీసి ఇచ్చాడు. కిబిరిగే ఆ వేళ ఏ జోకూ వేయలేదు. "నేను నవ్వుతానేమోనని నా మొహమే చూశావు కదూ? మా అమ్మ గుర్తొచ్చిందయ్యా నాకు" అన్నాడంతే.

"మొదటి మాటే ఆమెకు రాసి పంపాలి. మూడోది నీది కాదంటున్నాం అని రాయనా?" అంది నకిముళి. కోపం ఇంకా ఆమె గొంతులోనే ఉంది.

"నకిముళీ, తప్పు నాది. నిన్ను అనరాని మాట అన్నాను" అన్నాడు లుబ్వామా. "ఫోన్ ఇటివ్వు. నేనే చెబుతాను."

ఆమె ఒక్క క్షణం ఆలోచించి ఫోన్ కలిపి, స్పీకరు పెట్టి టీ కప్పుల పక్కన ఉంచింది. అదోంగ్ గొంతు గది అంతా వినిపించింది.

"నేను లుబ్వామాని. మూడోది తీయకమ్మా."

"ఎందుకని?"

పనికిరాని మోత మీద అరగంట మాట్లాడిన మనిషికి ఇప్పుడు ఒక్క వాక్యం దొరకలేదు. "బావుంది" అన్నాడు చివరికి.

"మీరేనా? ఏ పాటనైనా బావుందని మీరనగా నేను వినలేదు."

"నేనే."

"నేను బాధపడతానని అంటున్నారా? పక్కనెవరున్నారు? సలోంగో చెప్పిస్తున్నాడా ఇదంతా? నిజం చెప్పండి, అందరూ నవ్వారు కదూ?"

"ఎవరూ నవ్వలేదు. ఒట్టు."

"మీరు ఒట్టేస్తే నాకింకా అనుమానంగా ఉంది. తీసేస్తానులెండి."

లుబ్వామా చుట్టూ చూశాడు. సాయం రావడానికి ఎవరూ కదల్లేదు. అతను ఫోన్ మీదికి వంగి, గొంతు సవరించుకుని, ఆ రాగం తీయడం మొదలుపెట్టాడు. పాడటం చేతకాని మనిషి. మొదటి మలుపులోనే శ్రుతి జారింది. ఆపకుండా, రెండు వారాలుగా తనలోనే తిరుగుతున్నదాన్ని ఎక్కడ ఊపిరి ఉందో, ఎక్కడ రాయి ఆగుతుందో అన్నిటితో సహా, చివరిదాకా తీశాడు. అవతల అదోంగ్ ఒక్కసారి కూడా అడ్డుపడలేదు.