గీతలు అయిపోయిన చోట

2004 జులైలో నన్ను కర్నూలు నుంచి కడపలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రికి, జనరల్ మెడిసిన్ విభాగంలో సివిల్ సర్జన్‌గా బదిలీ చేశారు.

ఆ ఏడాది చివర్లో మైదుకూరు బట్టల వ్యాపారి రామసుబ్బయ్యశెట్టిని ఆయన భార్య ఓబుళమ్మ తీసుకొచ్చింది. ఆయనకు డెబ్బై ఏళ్లు. నా గది గుమ్మం దాకా బాగానే నడిచి, అక్కడ ఆగిపోయాడు. పాదాలు నేలకు అంటుకుపోయినట్టున్నాయి. చూపు మాత్రం గుమ్మంలో, మనిషి ఎత్తున, ఖాళీ మీద నిలిచింది.

"ఎవరో అడ్డం నిలబడుకోని ఉండారు సార్. మొగం కనపడదు. పక్కకు పొమ్మంటే పోడు" అన్నాడు.

ఆర్నెల్లుగా అంగడి గుమ్మం దగ్గరా ఇదే వరస. అహోబిలం తీసుకుపోయారు, తాయెత్తు కట్టించారు. భయపడి గుమాస్తా పని మానేశాడట.

రక్తపోటు చూస్తే పై అంకె రెండు వందలు దాటింది. నొప్పేమీ లేదని మాత్రలు ఎన్నో ఏళ్ల కిందటే ఆపేశాడు. ఎమ్మారై స్కానింగుకు కర్నూలు పంపించాను. ఫిల్ములో మెదడు నడిమి నీటి గదుల చుట్టూ బూజు పట్టినట్టు తెల్లటి మచ్చలు. మెదడులో ఒకచోటి నుంచి మరోచోటికి కబుర్లు మోసే తీగల్లాంటి భాగం అది; దాన్ని తెల్ల పదార్థం అంటాం. రక్తపోటు ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే సన్నని రక్తనాళాలు గట్టిపడి దానికి రక్తం చాలదు. కాళ్లలో బలం ఉంటుంది. అడుగెయ్యమనే కబురే సరిగా అందదు. కాళ్లు ఎందుకాగాయో తెలియక, అడ్డంగా ఒక మనిషి ఉన్నాడని మనసే కల్పించుకుంటోందని అనుకున్నాను.

ఇలాంటివాళ్లు కొందరు నేలమీద గీత కనిపిస్తే దాటగలరు. వరండాలో అడుగుకొకటి చొప్పున సుద్దముక్కతో పన్నెండు అడ్డగీతలు గీయించాను. ఆయన తడబడకుండా పన్నెండూ దాటాడు. తర్వాత ఆగాడు. మిట్టమధ్యాహ్నం, ఎదురుగా ఎవరూ లేరు. మెల్లగా తలెత్తి చూశాడు.

ఓబుళమ్మ నా వెనక్కి జరిగింది. "గీతలు అయిపోయినాయి కదా సార్, ఆ అడ్డం నిలబడే ఆయప్ప మళ్లా వచ్చినాడు."

నేను కారణం తెలిసినవాణ్ణే. అయినా ఆ ఖాళీ చోటును తప్పించుకుని, పక్కనుంచి వెళ్లి ఆయన చెయ్యి పట్టుకున్నాను.

మాత్రలు మొదలుపెట్టాం. ఇంట్లో, అంగడిలో నేలకు ఎర్ర టేపు అంటించుకున్నారు. నేనక్కడున్న మూడేళ్లూ జబ్బు ముదరలేదు, తగ్గనూ లేదు. అడ్డం నిలబడే మనిషీ పోలేదు.

ఆ తర్వాత నా దగ్గరకు పెద్దవయసు వాళ్లెవరు ఏ జబ్బుతో వచ్చినా ముందు రక్తపోటు చూసేవాణ్ణి. బాగానే ఉన్నాం, మాత్రలెందుకు అన్నవాళ్లతో మరికాస్త ఎక్కువసేపు మాట్లాడేవాణ్ణి. నొప్పి లేకుండా జరిగే నష్టాన్ని నొప్పి వచ్చేదాకా ఆగి వెతకకూడదని ఆ కేసు నాకు నేర్పింది.