సున్నా నుంచి మొదలైన పెళ్ళి

పెళ్ళిలో కొందరు ఉంగరం మరిచిపోతారు, కొందరు ఫోటోగ్రాఫర్‌తో తగువు పెట్టుకుంటారు. నేను మాత్రం నా పెళ్ళికి వచ్చిన జనం చేత నన్ను పాతిపెట్టే పాట పాడించుకున్నాను. ఇందులో శత్రువుల చెయ్యేమీ లేదు. అంతా నేనే, ముందురోజు పొద్దున టీ తాగుతూ, ఎంతో ఉత్సాహంగా చేసుకున్నాను. మీరు నవ్వుకోండి, పర్వాలేదు, నాకు అలవాటైపోయింది.

ముందు నా జబ్బు గురించి చెప్పాలి. ఆత్మకూరులో ఇంట్లో కూర్చునే బెంగళూరు కంపెనీకి సాఫ్ట్‌వేర్ రాస్తుంటాను. మా పనిలో లైబ్రరీ అంటే పుస్తకాల గది కాదు. ఎవరో పుణ్యాత్ములు రాసిపెట్టిన కోడ్, మనం తెచ్చుకుని మన ప్రోగ్రామ్‌లో వాడుకుంటాం. ఆ పుణ్యాత్ములు ఊరుకోరు, ఉండుండి దానికి కొత్త వెర్షన్ వదులుతారు. బుద్ధిమంతులు ఏమేం మారిందో చదివి, అవసరమైతేనే మారతారు. నాకైతే రెండో వెర్షన్ వాడుతుండగా మూడోది వచ్చిందని తెలిస్తే అన్నం సహించదు. ఫోన్లు, బండ్లు, ఉద్యోగాలు కూడా ఇలాగే మార్చాను.

ఈ కీర్తి ఉదయగిరి దాకా పాకింది. నాకు ఇవ్వాలనుకున్న పెళ్ళికూతురు రూతు వాళ్ళ నాన్న అక్కడ హైస్కూల్లో లెక్కల మాస్టారు. సంబంధం మాట్లాడటానికి మా ఇంటికొచ్చి, కాఫీ కూడా ముట్టకుండా మా అమ్మను సూటిగా అడిగాడు.

"అంతా బాగుండాది గానీ, ఉన్నదాన్ని వదిలేసి కొత్తదాని వెంట పడే రకం కాదు గదా మీవాడు?"

మావాడికి ఆ గుణమే లేదని అమ్మ కళ్ళు ఆర్పకుండా చెప్పింది. ఆయన నమ్మలేదు. రూతు పట్టుబట్టింది కాబట్టి ఒప్పుకున్నాడు. ఏమాత్రం తేడా కనిపించినా స్టేజీ మీదినుంచైనా సరే బిడ్డను దింపుకుని పోతానని మరీ చెప్పి వెళ్ళాడు. కాబట్టి ఆ పెళ్ళి జరగాలంటే నేను ఒక్కరోజు కుదురుగా ఉంటే చాలు.

మా చర్చి గోడకు పెద్ద టీవీ ఉంది. కీర్తనల పుస్తకాన్ని పేజీకొక పాట చొప్పున కంప్యూటర్లోకి ఎక్కించి, నేనే ఒక చిన్న ప్రోగ్రామ్ రాశాను. సండేస్కూల్ టీచరు మరియమ్మక్క ల్యాప్‌టాప్‌లో పాట నంబరు కొడితే ఆ పేజీ టీవీలో కనబడుతుంది. ఆ పేజీ తెరిచే పని ఒక లైబ్రరీది. రెండేళ్ళుగా ఒక్క తప్పు లేకుండా నడుస్తోంది. అలా నడుస్తుంటే చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాలేదు.

పెళ్ళికి ముందురోజు దానికి కొత్త వెర్షన్ కనబడింది. మార్పుల జాబితా చాంతాడంత ఉంది. పెళ్ళికొడుక్కి అదంతా చదివే తీరిక ఎక్కడిది చెప్పండి? మార్చేసి, మూడు నంబర్లు కొట్టి చూశాను. మూడుసార్లూ పాట వచ్చింది. ఏ పాట వచ్చిందో చూడాలని మాత్రం తోచలేదు.

నేను చదవని ఆ జాబితాలో మొదటి మాట ఇది: ఇకమీదట పేజీల లెక్క ఒకటి నుంచి కాదు, సున్నా నుంచి. అంటే ఏ నంబరు కొట్టినా దాని తర్వాతి పాట వస్తుంది. మామూలు ఆదివారమైతే ఒక స్తుతి పాట బదులు ఇంకో స్తుతి పాట వచ్చేది, అంతే. కానీ మా పుస్తకంలో పెళ్ళి పాటలు అయిపోగానే భూస్థాపన పాటలు మొదలవుతాయి. కూర్చినవారి అనుభవం ఏమిటో నాకు తెలియదు.

మర్నాడు ఆ చర్చిలోనే జరిగిన పెళ్ళిలో పాస్టరు అయ్యగారు మూడు వందల ఒకటో కీర్తన పాడదామన్నారు. పెళ్ళి పాటల్లో అదే చివరిది. మరియమ్మక్క నంబరు కొట్టింది. టీవీలో మూడు వందల రెండు వచ్చింది.

రెండు పాటలకూ రాగం ఒకటే కావడం నా ఖర్మ. పుస్తకాలు పట్టుకున్న ముందు వరసలు మమ్మల్ని నిండు నూరేళ్ళు దీవిస్తుంటే, టీవీ చూసి పాడే వెనక వరసలు నెమ్మదిగా మట్టిలోకి దించుతున్నాయి. రూతు వాళ్ళ అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడవసాగింది. మనవరాలిని పంపే బాధ అనుకుని పక్కవాళ్ళు ఓదార్చారు. రెండో చరణంలో సమాధి వచ్చేసరికి హార్మోనియం ఆగిపోయింది.

"ఏందిది?" అంది రూతు, పెదవులు కదపకుండా.

"లైబ్రరీ మార్చినా."

"ఎప్పుడు?"

"నిన్న."

ఆమె చూపు మళ్ళీ అయ్యగారి వైపు తిప్పుకుంది. తిట్టి ఉంటే నాకు కాస్త ధైర్యంగా ఉండేది.

అయ్యగారు గొంతు సవరించుకుని మళ్ళీ అదే నంబరు చెప్పారు. మరియమ్మక్క ఈసారి ఒక్కో అంకెనూ గట్టిగా నొక్కి కొట్టింది. మళ్ళీ సమాధే. ఒక నంబరు తగ్గించి కొట్టమని చెప్తే సరిపోయేది. ఆ తెలివి నాకు మరుసటి వారం వచ్చింది. అప్పటికి మాత్రం స్టేజీ దిగి, తలుపు పక్కనున్న ల్యాప్‌టాప్ వైపు సూటూ బూటూతో పరిగెత్తాను. నా లెక్కలో అది రిపేరు. చూసేవాళ్ళ లెక్కలో పెళ్ళికొడుకు పారిపోతున్నాడు. రూతు మేనమామ ఆత్మకూరు డిపోలో బస్సు డ్రైవరు. లేచి తలుపు మూసి అడ్డంగా నిలబడ్డాడు.

"యాడికి పోతా ఉండావు?"

"లైబ్రరీ మామా..."

"లైబ్రరీకి ఈరోజు సెలవు. పోయి నిలబడు."

ఈలోగా లెక్కల మాస్టారు వచ్చాడు. సున్నా సంగతి వివరించాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"పాతది బాగా పనిచేస్తా ఉండిందా?"

"చేస్తా ఉండింది మామా."

"మరెందుకు మార్చినావు?"

"కొత్తది వచ్చింది."

మాట నోరు దాటాక గానీ ఏమన్నానో నాకు అర్థం కాలేదు. ఆయనకు వెంటనే అర్థమైంది. స్టేజీ వైపు తిరిగి, "దిగిరామ్మా, ఇంటికి పోదాం" అన్నాడు. నవ్వులాటకు చెప్పడం లేదు, నిజంగానే ఏడుపొచ్చింది.

రూతు దిగలేదు. మైకు దగ్గరికి వంగింది.

"అయ్యగారూ, ఆ ల్యాప్‌టాప్‌లో ప్రోగ్రామ్ మార్చే పాస్‌వర్డ్ ఏందో అందరి ముందూ చెప్పమనండి. ఇంక దాన్ని నేను చూసుకుంటా. చెప్తే పెళ్ళి."

నన్ను పైకి తెచ్చి మైకు ముందు నిలబెట్టారు. "రూతు" అన్నాను.

చర్చి మొత్తం మెత్తబడింది. అవ్వ కళ్ళు తుడుచుకుంది. లెక్కల మాస్టారి ముఖంలో కూడా ముడి కాస్త వీడింది. అక్కడ ఆపి ఉండాల్సింది. కానీ సగం చెప్తే పాస్‌వర్డ్ తెరుచుకోదు గదా.

"రూతు... రెండు."

లెక్కల మాస్టారు చేతులు కట్టుకుని అడిగాడు.

"ఒకటో రూతు ఎవురు?"

పాస్‌వర్డ్ మార్చమని కంప్యూటరే సతాయించిందని, మనిషి ఈ రూతేనని, పక్కన అంకె ఒక్కటే పెంచానని నమ్మించడానికి పావుగంట పట్టింది. ముందు రూతు నవ్వింది. ముసుగు జారేదాకా నవ్వింది. ఆ తర్వాత అవ్వ, ఆ తర్వాత సంఘమంతా. మాస్టారు నవ్వలేదు గానీ కూర్చున్నాడు. టీవీ కట్టేసి, పుస్తకాలు చూసి పాడి, పెళ్ళి చేశారు.

ఆ రోజు నేను రెండు ప్రమాణాలు చేశాను. మొదటిది అయ్యగారు చెప్పించారు. రెండోది రూతు చెప్పించింది: పనిచేస్తున్న దేన్నీ, అది లైబ్రరీ అయినా ఇల్లాలైనా, కొత్తది వచ్చిందన్న వంకతో ముట్టుకోనని, రూతు పక్కన ఈ జన్మలో ఏ అంకెనూ వేయనని కుడిచెయ్యి ఎత్తి సంఘం ముందు ఒప్పుకున్నాను. ఇంతవరకూ మాట తప్పలేదు. తప్పడానికి వీలు కూడా లేదు లెండి. విందు భోజనాలు అయ్యేలోపే రూతు ఆ పాస్‌వర్డ్ మార్చేసింది, ఇప్పటిదాకా నాకు చెప్పలేదు.