నేను తీసేసిన ఫ్లాపీ బటన్

2005 జూన్‌లో నన్ను ప్రోగ్రామర్‌గా భద్రాచలం వేశారు. ఏజెన్సీ ఆరోగ్య కేంద్రాల్లో మలేరియా రక్తపరీక్షల వివరాలు నమోదు చేసే సాఫ్ట్‌వేర్‌ను చూసుకోవడం నా పని. అది ఓపెన్ సోర్స్, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది, ఎవరైనా దిద్దవచ్చు. ఏది ఉంచాలో ఏది తీసేయాలో తేల్చే మెయింటైనర్లం మాత్రం నలుగురం.

అందులో వివరాలను ఫ్లాపీ డిస్కులోకి దింపే 'ఫ్లాపీకి పంపు' అనే బటన్ ఒకటుండేది. దాని కోడ్ పాతది, ఎక్కడ ముట్టుకున్నా ఏదో ఒకటి చెడేది. నాకేమో పనికిరాని కోడ్ కనబడితే చెయ్యి ఊరుకోదు. వాడేవాళ్లందరికీ ఈమెయిల్ వెళ్లే మెయిలింగ్ లిస్టులో "దీన్ని ఎవరైనా వాడుతున్నారా?" అని అడిగి, నెల రోజులు ఆగాను. ఒక్కరూ పలకలేదు. ఎవరేం వాడారో నమోదయ్యే సర్వర్ లాగ్‌లోనూ ఆ బటన్ నొక్కిన గుర్తు లేదు. తీసి పారేశాను. కొత్త వెర్షన్ సీడీలు జీపులో అన్ని కేంద్రాలకూ వెళ్లాయి.

ఆగస్టులో ఒకరోజు, చర్ల అవతలి కేంద్రంలో ల్యాబ్ టెక్నీషియన్ సూసన్నమ్మ గారు వానలో బస్సు దిగి వచ్చారు. చేతిలో ప్లాస్టిక్ కవరు చుట్టిన రిజిస్టరు.

"సార్, ఆ ఫ్లాపీ బటన్ ఏడికి పోయింది? మూడు వారాల సంది ఎతుకుతున్న!"

లిస్టులో అడిగితే ఎవరూ చెప్పలేదు కదమ్మా అన్నాను, కాస్త విసుగ్గానే.

"మా కాడ ఫోన్ లైనే లేదు సార్. మీ మెయిల్ నేనేడ చూడాలె? గందుకే కదా ఫ్లాపీల ఏసి బస్సుల పంపేది!"

నెట్ లేనివాళ్ల సంగతి నెట్‌లో అడిగిన ఘనుణ్ణి నేను. నెట్ లేని చోట నొక్కింది సర్వర్‌కు తెలియదు; ఆ ఫ్లాపీలను మా గుమాస్తా సర్వర్‌లోకి ఎక్కించేవాడు కాబట్టి లాగ్‌లో మా ఆఫీసు పేరే పడేది. పైగా రిపోర్టు రాకపోతే మా ప్రోగ్రామ్ ఆ గడిలో సున్నా వేసేది. ఆ సున్నా చూసి, మాత్రలు కావాలని పై ఆఫీసుకు పంపే ఇండెంటులో ఆ కేంద్రానికి ఏమీ రాయలేదు. ఇండెంటు ఆ సాయంత్రమే ఖమ్మం పోవాలి. ఇదంతా ఆమెకు చెప్పాను.

"సున్నానా? ఇంటికొకరు జరంతోని పడి ఉంటే సున్నా అంటరా!" అన్నారామె. నాకు సిగ్గేసింది.

ఆమె రిజిస్టరు చదువుతుంటే నేను టైపు చేశాను. మా ఆఫీసులో ఇండెంట్లు చూసే డాక్టరు గారు దాన్ని సవరించి సంతకం పెట్టారు. ఆ వారంలోనే మాత్రలు చేరాయి.

బటన్ తిరిగి పెట్టాను. నొక్కినప్పుడల్లా "ఇది ముందుముందు ఉండదు, కావాలంటే చెప్పండి" అని తెర మీద కనబడేలా చేశాను. ఇలా ముందే చెప్పి మెల్లగా తప్పించడాన్ని మా వృత్తిలో డెప్రికేషన్ అంటారు. అదే మాట కాగితం మీద కొట్టించి జీపులో పంపాను. రెండేళ్లకు వాళ్లకు ఫోన్ లైను పడింది. సూసన్నమ్మ గారిని అడిగితే, "అవ్ సార్, ఇగ తీసేయుండ్రి" అన్నారు.

సూసన్నమ్మ గారు ఆ రోజు బస్సెక్కకపోతే ఆ సున్నాను నేను నమ్మేవాణ్ణి. ఆమెకు నేను జన్మంతా రుణపడి ఉంటాను. ఆ తర్వాత రిటైరయ్యే దాకా, ఏది తీసేయాలన్నా లాగ్‌లో కనబడని కేంద్రాల పేర్లు ముందు రాసుకొని, అక్కడికి పోయి అడిగాకే కోడ్ ముట్టుకున్నాను.