ఫ్రెంచిలో చెబితే చేసి తీరే మేడమ్

"అక్క తెల్లవారుజామున పోయింది. ఇవాళ క్లాసు లేదు."

మా ఉదయం బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో, మేడమ్ ఫోన్ నుంచి ఆవిడ చెల్లెలు పెట్టిన సందేశం ఇది. అప్పటికే నేను లింగంపల్లిలో రైలెక్కాను. ఒళ్ళో ఫ్రెంచి నోటుపుస్తకం తెరిచి ఉంది. హఫీజ్‌పేట్‌లో దిగాక ఎటు వెళ్ళాలో తోచక ప్లాట్‌ఫామ్ బెంచీ మీద చాలాసేపు కూర్చుండిపోయాను. ఏడుపు రాలేదు. ఒళ్ళంతా బరువుగా, రాత్రంతా నిద్ర లేనట్టుగా అనిపించింది. ఆ అలసట ఇంకా తీరలేదు.

మేడమ్ ఆరోగ్యం బాగాలేదని మాకు తెలియదని చెప్పలేను. పాదాల వాపు చూశాం, ఆయాసం విన్నాం. ఆవిడని డాక్టరు దగ్గరికి పంపాలని ఒక్కసారి గట్టిగా ప్రయత్నించాను. పంపలేకపోయాను. ఆవిడ మీకు తెలియకపోయినా మీ ముందు ఈ నాలుగు మాటలు రాస్తున్నది అందుకే.

ఆవిడ యానాం మనిషి. ఫ్రెంచి వాళ్ళ కాలంలో వాళ్ళ నాన్నగారు అక్కడ గుమాస్తా. ఇంట్లో వినీ వినీ వచ్చిన భాషని ఆవిడ చివరిదాకా కొండాపూర్‌లో ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో పాఠాలుగా చెప్పారు. ఉదయం ఆరున్నరకి మొదటి బ్యాచ్. ఆరుగురం. ఇద్దరు షిఫ్టు దిగి వచ్చేవాళ్ళు, ముగ్గురు షిఫ్టు ఎక్కబోయేవాళ్ళు. నేనొక్కదాన్నే డిగ్రీ మూడో ఏడు విద్యార్థిని. ఫ్రెంచి వస్తే సపోర్ట్ సెంటర్లలో ఉద్యోగం తొందరగా దొరుకుతుందని ఎవరో చెబితే చేరాను. చేరిన వారానికే ఉద్యోగం సంగతి మరిచిపోయి మాటల మీద మోజు పడ్డాను.

దానికి కారణం అరసున్నా. ఫ్రెంచిలో ముక్కుతో పలికే శబ్దాలు మాకు పట్టుబడకపోతే, మేడమ్ బోర్డు మీద వాటిని తెలుగులో రాసి పక్కన అరసున్నా పెట్టారు. "మనవాళ్ళు దీన్ని పని లేదని మూల కూర్చోబెట్టారండి. ఫ్రెంచి వాళ్ళు ఉద్యోగం ఇచ్చారు," అన్నారు. ఆ రోజు రైల్లో ఇంటికి వెళ్తూ నోటుపుస్తకం నిండా అరసున్నాలు రాసుకున్నాను.

తర్వాత ఆజ్ఞలు వచ్చాయి. ఫ్రెంచిలో మూడు రకాలుగానే ఆజ్ఞ ఇవ్వగలం. నువ్వు చెయ్యి, మీరు చెయ్యండి, మనం చేద్దాం. క్రియ ముందున్న నువ్వు, మీరు, మనం తీసేస్తే మిగిలిందే ఆజ్ఞ. వద్దని చెప్పాలంటే క్రియకి ముందొక మాట, వెనకొక మాట కాపలా పెట్టాలి. ఇంతవరకూ ఏ పుస్తకంలోనైనా ఉంటుంది. మేడమ్ పద్ధతి మాత్రం పుస్తకంలో ఉండదు. ఆ పాఠం నడిచినన్నాళ్ళూ, ఫ్రెంచిలో తప్పు లేకుండా ఏం చెప్పినా ఆవిడ చేసి తీరతారు. తప్పు చెబితే కదలరు. అదే నియమం.

మొదటి రోజు నరేష్ లేచాడు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పని, ఊరు సిద్దిపేట వైపు. "మార్షే!" అన్నాడు. నడవండి అని. మేడమ్ నడిచారు. గోడ దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, తలుపు దాటి బయటికి వెళ్ళిపోయారు.

"అరే, ఆగుమని ఎట్ల చెప్పాలె? జర ఎవరన్నా చెప్పుండ్రి రా!" అని నరేష్ పేజీలు తిప్పుతున్నాడు. మెట్ల మీద చెప్పుల చప్పుడు కిందికి దిగిపోయింది. పది నిమిషాల తర్వాత మేడమ్ చేతిలో టీ గ్లాసుతో వచ్చారు.

"మీరు ఆపలేదు కదండీ. కొట్టు దాకా వెళ్ళిపోయాను."

"పరేషాన్ చేసినవ్ మేడమ్," అన్నాడు నరేష్.

ఇంకో రోజు ఇంటిపని ఇవ్వవద్దని చెప్పడానికి అందరం కలిసి కుస్తీ పట్టాం. ముందు కాపలా పెడితే వెనకది మరిచిపోయేవాళ్ళం. మూడో రోజున వాక్యం కుదిరింది. ఆ రోజు ఆవిడ నిజంగానే ఇంటిపని ఇవ్వలేదు. "మాటంటే మాటేనండి," అని సుద్దముక్క కింద పెట్టేశారు.

నేను చెప్పే ఆజ్ఞలు ఎప్పుడూ నీళ్ళు కలిపినట్టు ఉండేవి. దయచేసి, వీలైతే, మీకు ఇబ్బంది లేకపోతే అని ముందు పొడుగ్గా తగిలించేదాన్ని. మేడమ్ ఒకసారి నన్ను కూర్చోబెట్టి చెప్పారు. "అమ్మాయ్, ఆజ్ఞంటే అరవడం కాదు. ఎదుటి మనిషి అలిసిపోయి ఉంటే, తర్వాత ఏం చెయ్యాలో వెతుక్కునే పని తప్పించడం. నువ్వు రేపు ఫోన్లో మాట్లాడబోయేది ఇంటర్నెట్ పాడైపోయి విసిగిపోయిన వాళ్ళతో. బతిమాలితే వినే ఓపిక వాళ్ళకెక్కడిది?"

మనం చేద్దాం అనేదాని గురించి కూడా ఒక మాట అన్నారు. "దీన్ని ఆజ్ఞల్లో ఎందుకు కలిపారో చిన్నప్పుడు నాకు అర్థం కాలేదండి. ఇందులో చెప్పేవాడు కూడా లేవాలి కదా."

వానాకాలం వచ్చేసరికి మేడమ్ కూర్చుని పాఠం చెప్పడం మొదలుపెట్టారు. లిఫ్టు తరచుగా ఆగిపోయేది. మెట్లెక్కి వచ్చాక కాసేపు మాట వచ్చేది కాదు, చేతి సైగతోనే పుస్తకాలు తియ్యమనేవారు. అడిగితే, "ఆదివారం డాక్టరుకి చూపించుకుంటానండి," అనేవారు. ఆదివారాలు గడిచిపోతున్నాయి.

నేను ఒక వాక్యం తయారు చేసుకున్నాను. రైల్లో రెండు రోజులు పెదాలతో సాధన చేశాను. దయచేసి లేదు, వీలైతే లేదు. మూడో రోజు క్లాసు మొదలవగానే లేచి నిలబడ్డాను.

"మేడమ్, అలే షే ల మెద్సాఁ."

వైద్యుడి దగ్గరికి వెళ్ళండి అని. మేడమ్ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు.

"ఎప్పుడు?" అన్నారు ఫ్రెంచిలోనే.

"మ్యాఁత్‌నాఁ." ఇప్పుడే.

"తప్పేం దొరకలేదండి," అన్నారు మేడమ్ నెమ్మదిగా.

"ఇగ పోవాలె మేడమ్! రూల్ అంటే రూల్!" అని నరేష్ బల్ల చరిచాడు. అందరూ అందుకున్నారు. మేడమ్ నవ్వి, పర్సు తీసుకుని, తలుపు దగ్గరగా వేసి వెళ్ళారు. మేం ఇంకా నవ్వుతూనే ఉన్నాం. నవ్వాక, షిఫ్టు దిగి వచ్చినవాళ్ళు బల్ల మీద తల వాల్చారు. ఆవిడ వెంట ఒక్కరం కూడా లేవలేదు.

ఇరవై నిమిషాల తర్వాత ఆవిడ తిరిగి వచ్చారు. ముఖమంతా చెమట. కుర్చీలో కూర్చుని కాసేపాగి, "వెళ్ళొచ్చానండి. డాక్టరు గారు ఇంకా నిద్ర లేవలేదట," అన్నారు. గది గొల్లుమంది. నేనూ నవ్వాను. కానీ లోపల కొంచెం కోపం వచ్చింది. అన్ని ఆజ్ఞలూ పాటించిన మనిషి నాదొక్కటే ఆటగా తీసుకున్నారని. ఆ కోపంతోనే మళ్ళీ చెప్పలేదు. రెండు వారాలకి ఆవిడ పోయారు.

మొన్న ఆవిడ చెల్లెలికి సాయంగా బోర్డు, కుర్చీలు కిందికి దించడానికి నరేష్, నేను వెళ్ళాం. రెండో అంతస్తు మలుపులో, అపార్ట్‌మెంటు మెట్లు ఊడ్చే యాదమ్మ మమ్మల్ని ఆపింది.

"మీరేనా బిడ్డా, అమ్మను దవాఖానకు పొమ్మన్నది?"

నరేష్ అవునన్నాడు.

"ఆ దినం లిఫ్టు బంద్ ఉండె. పర్సు పట్టుకొని దిగుతుంటే, పొద్దుగాల్నే యాడికి పోతున్నవమ్మా అన్న. దవాఖానకు, పిల్లలు పొమ్మన్నరు, పోవాలె గద అన్నది. ఈడికి వచ్చేసరికి ఊపిరి ఆడలే. గిక్కడ్నే కూసుంది." చీపురు కొసతో ఒక మెట్టు చూపించింది. "చెప్పులు ఇడిచి పక్కకు పెట్టుకున్నది. పర్సు ఒళ్ళె పెట్టుకొని, తల గోడకు ఆనిచ్చింది."

"మమ్మల్ని పిలవకపోతివి?" అన్నాడు నరేష్.

"పిలుస్తనంటే వద్దన్నది. అలిసిపోయి వచ్చిన పిల్లలు, కూసోనియ్యి అన్నది. కిందికి పోతే మల్ల ఎక్కలేనని, జరసేపటికి మీదికే పోయింది."

"మరి నువ్వు?"

"నేనేం జేస్త బిడ్డా. నా పని నాకుండె. మీదికెల్లి కిందికి ఊడ్చుకుంట వచ్చిన. ఆమె కూసున్న మెట్టు కాడికి వచ్చేసరికి, లేవమ్మా అని చెప్ప నోరు రాలే. కింది మెట్లన్ని ఊడ్చుకున్న. ఆ ఒక్కటి ఇడిచిపెట్టిన."