రెండక్షరాలు ఎక్కువ

ఫ్లెక్సీ మీద తప్పు పడింది నా వల్లే. ముందు అది చెప్పేసి మిగతాది రాస్తాను. ఆ సభ తలుచుకుంటే నాకు మిగతావాళ్ళ మీదే రోత పుడుతుంది, ఆ రోతలో నా వంతు మరిచిపోతానేమోనని భయం.

కడపలో ఒక డిగ్రీ కాలేజీలో నేను ఆయాను. ఫిజిక్సు గదులు ఊడవడం, ల్యాబులో గాజు సామాను కడగడం నా పని. యాభై దాటాక మా చర్చి పాస్టరమ్మ ఆదివారం మధ్యాహ్నాలు కూర్చోబెట్టి అక్షరాలు నేర్పింది. బైబిలు వాక్యం చదువుకుందామని మొదలుపెట్టాను గానీ, అంతకంటే ముందు బస్సుల బోర్డులు, గోడల మీద రాతలు చదివేశాను. సచివాలయం బయట ‘ధ్రువీకరణ పత్రములు’ అని ఉంటుంది. ఆ మొదటి మాట కూడబలుక్కోవడానికి నాకు వారం పట్టింది. వచ్చాక దాన్ని మరిచిపోలేదు.

మా ఫిజిక్సు మేడం ఏళ్ళ తరబడి ఒకే సంగతి మీద ఉన్నారు. లోకం పుట్టిన కొత్తల్లోని వెలుగు ఇప్పటికీ ఆకాశమంతా పలచగా పరుచుకొని ఉందట. కంటికి ఆనదు. ఆ వెలుగు అలలు ఏ వాలున ఊగుతున్నాయో కొలిస్తే, మొట్టమొదటి క్షణంలో ఏం జరిగిందో కొంత తెలియవచ్చట. ఆ వాలునే ధ్రువణం అంటారు. దాన్ని కొలవడానికి ఉపగ్రహం పంపాలని అడిగే శాస్త్రవేత్తల్లో మేడం ఒకరు. ఇది ఎందుకో మామూలు జనానికి చెప్పి, వాళ్ళేమన్నారో రాసి పంపమని పైవాళ్ళు అడిగారు. మా జిల్లాలో ఒక్క సభకే అనుమతి వచ్చింది. ఆ రాత సరిగ్గా పోతేనే మేడం వాదానికి అక్కడ బలం.

ఫ్లెక్సీ వేయించుకురమ్మని నన్ను పంపారు. ‘తొలి వెలుగు ధ్రువణానికి ఉపగ్రహం ఎందుకు కావాలి? అందరూ రండి’ అని కాగితం మీద ఉంది. అంగడాయన చూసి నవ్వాడు.

“ఏందమ్మా, మీ మేడం రెండక్షరాలు మింగేసింది. ధ్రువణం అనే మాట యాడుండాది? ధ్రువీకరణ గదా!”

దిద్ది, కంప్యూటరు తెర నా వైపు తిప్పాడు. నాకు బాగా వచ్చిన మాట కళ్ళ ముందు కనిపించింది. “అవునప్పా, అదే కరెక్టు” అన్నాను.

సభ రోజు హాలు నిండిపోయింది. ఒంటిమిట్ట వైపు రైతులు, మంగంపేట గనుల నుంచి తెల్లదుమ్ము బట్టలతోనే వచ్చినవాళ్ళు. ప్రతి చేతిలో ప్లాస్టిక్ కవరు, కవర్లో పొలం పాస్‌బుక్కు. సర్వేవాళ్ళు భూములు కొత్తగా కొలిచినప్పుడు గట్లు అటూ ఇటూ అయినవాళ్ళంతా, ‘తొలి వెలుగు’ ఏదో పథకమనుకొని, ఉపగ్రహం పైనుంచి చూసి ధ్రువీకరిస్తుందని వచ్చారు.

ముందు వరుసలో ప్రిన్సిపాలు, సభకు పిలిచిన ఒక పెద్ద అధికారి కూర్చున్నారు. అధికారి ఆహ్వానపత్రం మూలతో పళ్ళు కుట్టుకుంటున్నాడు. విషయం తెలిసి పొట్ట ఊగేలా నవ్వాడు. “అంతరిక్షానికి పాస్‌బుక్కులు ఎత్తుకోని వచ్చినారే!” ప్రిన్సిపాలు నోట్లో బోండా ఉండగానే నవ్వాడు, తునకలు చొక్కా మీద పడ్డాయి. ఎండలో బస్సులు మారి వచ్చిన మనుషులు వాళ్ళ ముందే నిలబడి ఉన్నారు.

మేడం ఫ్లెక్సీ వైపు చూశారు, తర్వాత నా వైపు. నాకు ప్రాణం చచ్చిపోయింది. ఆమె మైకు తీసుకొని, “తప్పు మాది. ఇది భూముల సంగతి కాదు. ఉండేవాళ్ళకు చెప్తాను” అన్నారు. సగంమంది తిట్టుకుంటూ వెళ్ళారు. మిగిలినవాళ్ళు ఫ్యాన్ల కింద కూర్చున్నారు.

నేల మీంచి చూస్తే గాలిలోని తేమ ఈ వెలుగుకు అడ్డం పడుతుందని మేడం చెప్పారు. తలపాగా ముసలాయన ఒకరు లేచారు.

“తేమ అడ్డమైతే మా ఊర్లో పెట్టుకోండి మేడమ్మా. తేమ అనేది మేము సూసి శానా దినాలయింది.”

హాలంతా నవ్వింది. ఆ నవ్వులో రోత లేదు. ఎండు కొండల మీద, మంచు దేశంలో ఇప్పటికే చూస్తున్నారనీ, ఆకాశమంతా ఒకే తీరుగా చూడాలంటే గాలి దాటి పోవాల్సిందేననీ మేడం చెప్పారు. ఆయన కూర్చోలేదు.

“పెన్నలో నీళ్ళు పోయినాక ఇసక మింద గీతలుంటాయి. నీళ్ళు ఎట్టా పారినాయో ఆ గీతల వాలు సూస్తే తెలుస్తాది. అట్టాటిదేనా?”

మేడం మైకు దించి ఆయన వైపు రెండడుగులు వేశారు. “అదే పెద్దాయనా. సరిగ్గా అదే.”

“అట్లయితే పంపాల్సిందే. ఎవురన్నా ట్రాక్టరు తోలి ఆ ఇసక ఎత్తుకపోకముందే.”

వెనక నుంచి ఒకామె అరిచింది: “మా గట్టు గూడా సరిజేయండి! రెండూ జరగాల!”

మేడం అన్నీ రాసుకొని, ఆ కాగితం నివేదికతో జతచేయమని ప్రిన్సిపాలుకు ఇచ్చారు.

మూడో రోజు ఆయన గది ఊడుస్తుంటే చెత్తబుట్టలో అది కనిపించింది. బోండాలు తిని చేతులు తుడుచుకున్నారు దానితో. బల్ల మీద పంపబోయే నివేదిక ఉంది. ‘గ్రామీణులకు అవగాహన లేనందున సభ ఫలితమివ్వలేదు.’ కింద అధికారికి శాలువా కప్పే ఫోటో. అక్షరాలు రాకముందు చెత్తబుట్ట నాకు చెత్తబుట్టే. ఇప్పుడు అందులో ఏముందో కూడా తెలుస్తోంది.

ప్రిన్సిపాలు లోపలికొచ్చాడు. “ఏమ్మే, చెత్త చదవడానికి పెట్టుకున్యామా నిన్ను?”

“చదవాల్సింది అందులోనే ఉండాది సార్” అన్నాను. కాగితం కొంగులో పెట్టుకొని బయటికొచ్చాను. వెనక నుంచి ఏదో అన్నాడు, వినలేదు.

నూనె అంటి సగం అక్షరాలు కరిగిపోయాయి. ముసలాయన మాటలు నాకు గుర్తున్నాయి. మేడం దగ్గరికి పోయి, నేనే మళ్ళీ రాస్తానన్నాను. ల్యాబు బల్ల దగ్గర మధ్యాహ్నమంతా పట్టింది. ధ్రువణం దగ్గర ఆగి, ఒక్కో అక్షరం వేలు పెట్టి చూసుకున్నాను. తన లెక్కలతో కలిపి నేరుగా తానే పంపుతానని మేడం అన్నారు. నా రాత చదివి, “ఆ ట్రాక్టరు మాట తీసేద్దామా? పైవాళ్ళు నవ్వుతారు” అన్నారు.

నవ్వేవాళ్ళను నేను ముందు వరుసలో చూసే ఉన్నాను.

“ఆయన అన్నది అదే గదా మేడం” అన్నాను. మేడం కాగితం అలాగే మడిచి, కవర్లో పెట్టి అంటించారు.