ఎడమ చెవి సంగతి దాచిన రోజులు

అరవైల చివర్లో ఆబిడ్స్‌లోని ఒక తెలుగు దినపత్రికలో నాకు ఉపసంపాదకుడి ఉద్యోగం దొరికింది. ఏడాది ప్రొబేషన్. మధ్యాహ్నం పూట జిల్లాల విలేకరులు ట్రంకు కాల్ చేసి వార్తలు చదువుతుంటే, కొత్తగా చేరినవాడు విని రాసుకోవాలి. ఎడమ చేత్తో రిసీవరు ఎడమ చెవికి, కుడి చేతిలో పెన్సిలు. ఎనిమిది నెలలు అలాగే చేశాను. తొమ్మిదో నెలలో నా ఎడమ చెవి ఉద్యోగం మానేసింది. ముందస్తు నోటీసు కూడా ఇవ్వలేదు.

మొదట చెవిలో ఏదో కూరినట్టు బరువు. తర్వాత ఇంజను ఆవిరి వదులుతున్నట్టు ఒకటే హోరు. మేముండేది నాంపల్లి స్టేషను వెనక గల్లీలో కాబట్టి, మూడు రోజులు రైల్వే వాళ్ళనే అనుమానించాను. నాలుగో రోజు ఆ ఇంజను నాతోపాటు ఆఫీసుకు వచ్చింది. ఆ వారంలోనే ఒక ఉదయం గడ్డం గీసుకుంటుంటే అద్దం, అద్దంతో పాటు గోడ, కుడి వైపుకు జరగడం మొదలుపెట్టాయి. నేను నేల మీద కూర్చుని, గోడ తన పని ముగించేదాకా వేచి ఉన్నాను. అరగంట పట్టింది.

దవాఖానలో డాక్టరు ఇనప కడ్డీలాంటి ట్యూనింగ్ ఫోర్కును మోగించి ఒక్కో చెవి దగ్గర పెట్టాడు. కుడి చెవికి అది గుడిగంట. ఎడమ చెవికి బొంగురుపోయిన మరో గంట, అదీ ఎక్కడో గోడ అవతల. ఒకే ఫోర్కని నమ్మడానికి నేను రెండుసార్లు చూడాల్సి వచ్చింది.

"ఎడమ దిక్కు లోపలి చెవుల నీళ్ళు ఎక్కువైనయి. ఉప్పు తగ్గియ్యి. తల తిరిగి చక్కరొస్తే గప్పుడే పండుకో," అన్నాడు.

"కుడి దానికి గూడ వస్తదా డాక్టర్ సాబ్?"

"కొందరికొస్తది, కొందరికి రాదు."

"నాకో?"

"నాకు తెలిస్తే నీకు చెప్పకుంట దాచుకుంటనా? ఫికర్ జెయ్యకు."

ఆ రోజు నుంచి నేను ఫికర్ తప్ప వేరే పని చేసిన గుర్తు లేదు.

ఒకే ఇంట్లో పుట్టిన అన్నదమ్ములు వేరు కాపురం పెట్టినట్టుగా ఉండేవి నా చెవులు. కుడిది ఎప్పటిలాగే బుద్ధిమంతుడు. ఎడమదానికి మగవాళ్ళ మాట ఆనదు, గిన్నె కింద పడితే మాత్రం సూది దిగుతుంది. వినపడదని గట్టిగా మాట్లాడితే నొప్పి, నెమ్మదిగా మాట్లాడితే శూన్యం. రోడ్డు మీద చప్పుళ్ళన్నీ కుడి నుంచే వచ్చేవి. ఆబిడ్స్ చౌరస్తాలో ఎడమ నుంచి వస్తున్న రిక్షా కోసం నేను శ్రద్ధగా కుడి వైపు చూస్తూ నిలబడ్డాను. "ఓ సాబ్, గంట గొట్టి గొట్టి నా ఏలు వాచింది! చెవులల్ల దూది వెట్టుకున్నవా?" అన్నాడు రిక్షావాలా. ఒక్క చెవిలోనే అని సవరించబోయి ఊరుకున్నాను.

ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. వార్తలు వినడానికి పెట్టుకున్నవాడికి వినపడదంటే ప్రొబేషన్ ఏమవుతుందో ఊహించడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఎడమ చేతిని తల మీదుగా తిప్పి, రిసీవరును కుడి చెవికి ఆనించి రాసేవాణ్ణి. చూసేవాళ్ళకు నేను గుంజీళ్ళు తీయబోతున్నట్టుండేది. భుజం నొప్పి అని చెప్పాను.

తల తిరుగుడుకు మాత్రం భుజం సాకు సరిపోలేదు. ఒక మధ్యాహ్నం ఫోను పెట్టేసి లేచానో లేదో, గది లేచింది. బల్ల పట్టుకుని, ఊగి, పక్కనున్న చెత్తబుట్టలో వాంతి చేసుకున్నాను. మా ఛీఫ్ సబ్ ఎడిటరు గారు, రాష్ట్రం ఏర్పడ్డాక బెజవాడ నుంచి వచ్చిన పెద్దమనిషి, నిమ్మకాయ నీళ్ళు తెప్పించారు. మర్నాటి నుంచి డెస్కు మొత్తం నన్ను మునుపటికన్నా ఆప్యాయంగా చూసింది. అంతదాకా అక్కడ తాగనివాణ్ణి నేనొక్కణ్ణే. ఆ కొరతా తీరిందనుకున్నారు.

నేను కాదనలేదు. ఆ డెస్కులో తాగుబోతుకు చోటుంది. చెవిటివాడికి లేదు.

ఇంట్లో సంగతి తెలిసిన మా ఆవిడ మండిపడింది. "పక్కింటామె అడుగుతున్నది, మీ ఆయన టేషన్ ముంగట పట్టపగలే ఊగుకుంట వచ్చిండటగదా అని. తాగని తాగుడుకు గీ పేరెందుకు?"

"నౌకరీ నిలబడాలె గదనే."

"మీరు నిలబడితే గద నౌకరీ నిలబడేది!"

ప్రొబేషన్ ముగిసే వారం ఛీఫ్ గారు పిలిచారు. "ఏమయ్యా, నీ కన్ఫర్మేషన్ కాగితం నా దగ్గరే ఉంది. పగలే తాగొస్తున్నావని పైన చెప్పుకుంటున్నారు. ఇకమీదట ముట్టనని ఒక ముక్క రాసివ్వు, సంతకం పెట్టేస్తాను."

అంత తేలికగా నిలబెట్టుకోగల మాట నాకు మళ్ళీ దొరకదు. రేపు ఇస్తానన్నాను. ఇంటికెళ్ళి కాగితం ముందు కూర్చున్నాను, లేచాను, మళ్ళీ కూర్చున్నాను. వెనక నుంచి మా ఆవిడ అంది: "రాసిచ్చినంక మళ్ళ చక్కరొస్తే? మాట తప్పినోడని గప్పుడే వెళ్ళగొడ్తరు."

మర్నాడు ఖాళీ చేతులతో వెళ్ళి చెప్పేశాను. నేను తాగనండీ, ఎడమ చెవి పని చెయ్యదండీ, దానివల్లే తల తిరుగుడు. ఆయన నా కన్ఫర్మేషన్ కాగితం సొరుగులోంచి తీసి బల్ల మీద పెట్టారు.

"మరి ఈ మూడు నెలలూ మహబూబ్‌నగర్ వార్తలు ఎవరు విన్నారు?"

"కుడి చెవండీ."

"తప్పులేమీ రాలేదే!"

"దానికి భయమెక్కువండీ."

"అదీ పోతే?"

"డాక్టరుకు కూడా తెలియదటండీ."

ఆయన కాగితం దగ్గరకు లాక్కున్నారు. "పని తృప్తికరమా అని అడిగింది ఈ కాగితం. ఎన్ని చెవులతో అని అడగలేదు," అని సంతకం పెట్టారు.

డెస్కులోనూ చెప్పాను, ఎవరూ నా మాట నమ్మలేదు. కానీ సాకు మాత్రం బాగా నచ్చింది. వారం తిరక్కుండా ఇంకో ఇద్దరికి ఎడమ చెవి జబ్బు వచ్చింది.

నాది మాత్రం అసలుది. ఉద్యోగం పర్మనెంటు అయింది, కుడి చెవి ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. ఫోను మోగిన ప్రతిసారీ రిసీవరు ఎత్తి, అవతలి మనిషి గొంతు వినబడేదాకా కుర్చీలో సగం లేచే ఉండేవాణ్ణి. ఒక్కోసారి లైను కలవడానికి నిమిషం పట్టేది. ఆ నిమిషంలో, లైనే కలవలేదా, లేక నాకే వినపడటం లేదా అన్నది తేల్చుకోవడానికి పెన్సిలుతో బల్ల మీద కొట్టి చూసుకునేవాణ్ణి.